ఎత్తిన రాయి దించకూడదు

మైదుకూరులో కూతురింట్లో ఉన్న మా అన్న పోయాడని పోయిన నెల ఒక బుధవారం పొద్దున బండి తోలుకుని వచ్చిన మనిషి చెప్పాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి బడిపంతులు రాస్తున్నాడు. మెత్తగా రాయొద్దని ముందే చెప్పాను.

మాది కొండ మీద, పాత కోటలో ఉన్న ఊరు. ఏ రాజు కట్టించాడో గాని బురుజులు, ధాన్యపు కొట్టు, వాననీళ్ళు నిలిచే రాతి దోన ఇంకా ఉన్నాయి. మా తాతలు ఆ కోటకు కావలి కాశారు. కావలి పోయి ఒక్క ఆచారం మిగిలింది. తూర్పు గోడ రాళ్ళు జారి కొండ కిందికి దొర్లుతుంటాయి. పైకి ఎక్కేవాళ్ళు ఎవరైనా అందులో ఒక రాయి ఎత్తుకుని రావాలి. మధ్యలో దించకూడదు. మా అన్న తలగుడ్డ చుట్టుకుని, జొన్నరొట్టె మూట పక్కన పెట్టుకుని, మొదటి మెట్టు మీద కూర్చునేవాడు. కొత్త పెళ్ళికూతురు కూడా ఆయన్ను తప్పించుకుని పైకి రాలేదు.

నా మొగుడు చచ్చిపోయి, అత్తగారింట్లో చోటు లేక, బట్టల మూటతో నేను తిరిగి వచ్చిన రోజు కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. గుమ్మడికాయంత రాయి చేతిలో పెట్టాడు.

“ఏడుపు పైకి పోయినాక ఏడుద్దువులే మ్మే. ముందు ఇది ఎత్తు.”

“నీకు గుండె ఉండాదా అన్నా?”

“ఉండాది గాబట్టే నీ మూట నేను మోస్తాండా. నడువు.”

పైకి చేరేసరికి ఊపిరే మిగల్లేదు, ఇంక ఏడుపెక్కడిది! గోడకు పడిన గండిలో ఆ రాయి నా చేతనే పెట్టించి, “ఇది నీది. ఈ ఊర్లో నీకు చోటు లేదనేటోళ్ళకు దీన్ని సూపీ” అన్నాడు.

కర్నూలులో గుడారాలు వేసి కొత్త రాజధాని పెట్టిన ఏడు, కోట చూడడానికి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా అన్న ఆయనకూ రాయి అందించాడు. బంట్రోతు మీదికి వచ్చాడు.

“ఏయ్ ముసలోడా! దొరగారు రాయి మోయాల్నా?”

“వద్దులేప్పా. ఈడ్నుంచే సూసిపొమ్మను. గోడ శానా పెద్దది, బాగా కనపడతాది.”

ఆఫీసరు నవ్వి రాయి తీసుకున్నాడు. సగం దారిలో దించబోతే, “దించితే మళ్ళా మొదటి మెట్టు కాడికి పోవాల దొరా” అన్నాడు అన్న. పైకి వచ్చి రొప్పుతూ ఆయన అడిగాడు, ఈ కోట కట్టిన రాజెవరని.

“నాకు తెల్దు దొరా. ఈ గండిలో రాయి పెట్టినోళ్ళ పేర్లయితే అన్నీ తెలుసు. నీ పేరేంది?”

శాంతమూర్తి అని అబద్ధం చెప్పను. పప్పులో ఉప్పు తగ్గితే పళ్ళెం తోసేవాడు. నేను తీయకుండా అక్కడే వదిలేసేదాన్ని. “కింద పడింది కిందే ఉండగూడదు మ్మే” అని ఆయనే తీసేవాడు. రాళ్ళ గురించీ ఆ మాటే అనేవాడు.

కిందటేడు మోకాళ్ళు పట్టేస్తే కూతురు తీసుకుపోయింది. బండెక్కుతూ అడిగాడు: “నేను ఆడనే పడిపోతే ఎత్తుకొస్తావా?”

“ఎత్తుకొస్తా పో” అన్నాను.

మా ఊరి శవాలు కోట వాకిలి దాటి కిందికి పోతాయి, పైకి రావు. పూడ్చేది కొండ కిందే. కబురు తెచ్చిన బండిలోనే మైదుకూరు పోయి అన్నను ఎత్తుకొచ్చాను. కొండ కింద దించి పాడె కట్టగానే ఊరిపెద్ద మెట్టుకు అడ్డం నిలిచాడు.

“శవం కోటలోకి వస్తే ఊరికి అరిష్టం. ఈడనే గుంత తీసినాం ముసల్దానా.”

“మీ అందరి చేతా రాళ్ళు ఎత్తించినోడప్పా. ఆయన్ను ఒక్కసారి ఎత్తలేరా? అయితే తప్పుకో. కాళ్ళ పక్క నేను పట్టుకుంటా.”

పట్టుకున్నాను. మోసే నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెట్టెక్కారు. సగం దారిలో దింపుడు కళ్ళానికి ఆగబోయారు. పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి కదా. “దించొద్దు! ఈ దారిలో ఎత్తింది దించేది లేదు” అని అరిచాను. నడుస్తూనే నేను పిలిచాను, మూడుసార్లు. పలకలేదు.

గండి పక్కనే పూడ్చాం. ఇప్పుడు ఊరిపెద్ద తవ్వి తీసి కిందికి తీసుకుపోవాలంటున్నాడు. వాన పడకపోవడానికి మా అన్నే కారణమట. ఆయన బతికున్నప్పుడు ఈ సీమలో వరదలు పారాయా? నేను ఒప్పుకోను. నా రాయి ఆ గోడలో ఉంది, వచ్చి చూడమనండి.

రోజూ పొద్దున కిందికి దిగి ఒక రాయి మోసుకొస్తున్నాను. గండి పూడింది. ఒక్క రాయి పట్టే సందు మిగిలింది. అది నేను మూయను. తవ్వడానికి వచ్చేవాళ్ళూ ఆ మెట్లెక్కే రావాలి, ఉత్తచేతులతో రాకూడదు. వాళ్ళ రాయికి చోటు ఉంచాను. అందాకా పొద్దు పొడవగానే ఆ సందులోంచి ఎండ వచ్చి మా అన్న మీది మట్టి మీద పడుతుంది, సరిగ్గా ఒక రాయంత.