పగడానికి కట్టిన రబ్బరు కట్టు

ఆ రోజుల్లో నాకు కాలు ఒక చోట నిలిచేది కాదు. ఇంట్లో నా పేరే ఉడుత. తెలంగాణ వచ్చిన కొత్తలో చదువు ముగించి, భువనగిరి దగ్గరి మా మగ్గాల వాడ నుంచి ఏకంగా సముద్రం మీది ఉద్యోగానికి పోయాను. దెబ్బతిన్న పగడపు దిబ్బలను మళ్ళీ పెంచే పని. (పగడమంటే ఉంగరంలో రాయి కాదు, ప్రాణి అని మా అవ్వను నమ్మించడానికి మూడు ఫోన్లు పట్టాయి.) నా ఈత వ్యవసాయ బావిలో నేర్చినదే. ఆరు నెలలు చూసి, పని నచ్చితే ఉంచుకుంటామన్నారు. నచ్చక తిప్పి పంపితే వాడంతా నన్ను ఏళ్ళ తరబడి ఏడిపిస్తుందని నాకు ఒకటే దడ.

ఎండాకాలం వేడికి తట్టుకుని బతికిన పగడాల నుంచి వేలెడంత కొమ్మలు తుంచి, ఇనుప చట్రాలకు దారంతో కట్టి, నీళ్ళలో పెంచి, తర్వాత దిబ్బ మీద నాటాలి. ముందు ముందు ఎండలు ముదిరినా ఇవైనా నిలుస్తాయని ఆశ. అక్కడ మాకు పని చెప్పే పెద్దాయనను చాటుగా 'మెల్లగా సారు' అనేవాళ్ళం. "మెల్లగా అమ్మా, మీరు రోజూ వెళ్ళి చూస్తే అది తొందరగా పెరగదండీ" అనేవాడు. నేను రోజుకు రెండుసార్లు చూసేదాన్ని. ఇచ్చిన దారం అలలకు జారితే నా ఉద్యోగమూ జారుతుందని భయం. సంచిలో పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలున్నాయి. నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకుండా తెల్లగా మిగలాల్సిన చోట మా ఇంట్లో వాటితోనే బిగించి కడతారు. కట్టు కట్టడంలో వాడలో నాకు పేరుంది. ఎవరికీ చెప్పకుండా ఒక చట్రమంతా రబ్బరుతో బిగించేశాను.

నెల తిరగకుండానే నా కొమ్మలు తెల్లబడ్డాయి. నీళ్ళు కాగితే పగడం అలాగే రంగు పోయి చావుకు దగ్గరవుతుంది. ఆ ఏడు నీళ్ళు వేడెక్కాయి కనుక అందరూ ఎండనే అన్నారు. నన్నే నివేదిక రాయమన్నారు. లోకంలోని పొగనంతా తిడుతూ మూడు పేజీలు రాశాను. అది ఇచ్చేలోపే చెవిపోటు వచ్చి, వారం సెలవు మీద ఇంటికి పోయాను. అక్కడ అవ్వకు ఫోటో చూపించాను.

"అవ్వా, సముద్రం గూడ కాగుతాంది. గివి సూడు, ఎట్ల తెల్లగైనయో."

అవ్వ అద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఎండ గిట్ల పట్టీలు పట్టీలుగ కొడ్తదా బిడ్డా? గిది కట్టు కింది తెలుపు. దేంతోని కట్టినవ్?"

"రబ్బరుతోని."

"గట్టిగనా?"

"నువ్వు నేర్పినట్టే."

"నేను నేర్పింది నూలుకు. పానమున్నదానికి గట్ల కడ్తరా? లేగదూడ మెడకు పలుపు కడితే జర జాగ ఇడువమా?"

సిగ్గుతో చెవిపోటు కూడా మరిచిపోయాను. మర్నాడే రైలెక్కి, సారు ముందు నిలబడి, ఇవ్వకుండా ఉండిపోయిన నివేదిక చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పాను. ఆయన నా మూడు పేజీలూ ఓపికగా చదివాడు.

"బాగా రాశారండీ. పాపం, ఎండకు సంబంధం లేదు. వెళ్ళి విప్పండి. మెల్లగా."

చిన్న కత్తెరతో ఒక్కో పీలికా విప్పడానికి ఎనిమిది రోజులు పట్టింది. నా జన్మలో అంత మెల్లగా ఏ పనీ చేయలేదు. సగం కొమ్మలు పోయాయి. మిగిలినవాటి తెల్లమచ్చల మీద నెలల తర్వాత రంగు పాకింది. నన్ను ఉంచుకున్నారు.

ఇప్పుడు కొత్తవాళ్ళకు కట్టు నేర్పేది నేనే. కట్టు కింద గోరు దూరాలంటాను. (నన్ను చాటుగా 'మెల్లగమ్మ' అంటారని తెలుసు.) మొన్నటి ఎండాకాలం నీళ్ళు నిజంగానే కాగాయి. ఈసారి పట్టీలు లేవు, కొమ్మలకు కొమ్మలే తెల్లబడ్డాయి. దిగి ఒక్కో కట్టు కింద గోరు పెట్టి చూశాను. అన్నీ ఉండాల్సినంత వదులుగానే ఉన్నాయి. ఒక్కటైనా బిగుసుకుని ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది. తప్పు నాదైతే విప్పేసేదాన్ని కదా.

కొన్నిటి మొదళ్ళలో ఇంకా కొంచెం రంగుంది. రోజూ వెళ్ళి చూస్తే తొందరగా కోలుకోవని కొత్త పిల్లలకు చెప్పాను. చెప్పి, నేను మాత్రం రోజుకు రెండుసార్లు దిగుతున్నాను.