చప్పుడు చేసే రంపం

రంపం కొనే విషయంలో మా ఇంట్లో చాలా రోజులు గొడవ నడిచింది. ఆయనకు పెట్రోలుతో నడిచేది కావాలి, నాకు బ్యాటరీది కావాలి. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టుకునే ఆడదానికి చెట్లు కోసే మిషన్ మీద ఇంత పట్టుదలేమిటని ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వుకోనీ. నా పోట్లాటంతా మా ఆయన కుడిచెవి గురించని వాళ్లకు తెలియదు. తెలియనివ్వకూడదని ఆయన ఒట్టు కూడా వేయించుకున్నాడు.

ఎడమచెవి ఎప్పుడో పోయింది. పెళ్లికి ముందు నుంచీ దాజీ పేట్‌లో సాంచాల మీద పని. సాంచా అంటే పవర్‌లూమ్, మావాళ్లు పెట్టుకున్న పేరు. ఇరుకు షెడ్డులో వరసగా సాంచాలు కొట్టుకుంటుంటే అక్కడ మాట వినడమనేది ఉండదు, చూడడమే. ఎదుటివాడి పెదవులు చూసి తెలుసుకుంటారు. కండెలు అయిపోయాయన్నా, ఛాయ్ వచ్చిందన్నా, సేటు తిట్టినా అన్నీ కళ్లతోనే. ఆ విద్య ఆయనకు ఎంత బాగా పట్టుబడిందంటే, ఎదురుగా నిలబడి మాట్లాడినవాళ్లెవరికీ ఆయనకు చెముడని అనుమానం రాలేదు. వెనక నుంచి పిలిస్తే పలకడు కాబట్టి పొగరనుకునేవాళ్లు. పొగరట! షెడ్డు షెడ్డుకూ తిరిగి పని అడుక్కునే మనిషికి పొగరు!

కుడిచెవిలో మాత్రం కాస్త మిగిలింది. ఆ పక్కన కూర్చుని కొంచెం గట్టిగా మాట్లాడితే నా గొంతు వినిపించేది. పొద్దున ఆయన గోడకు ఆనుకుని ఛాయ్ తాగుతుంటే, నేను ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ నోటికొచ్చిందల్లా చెప్పేదాన్ని. కార్ఖానాలో మంచి బీడీలను కూడా ఏరి అవతల పారేసే ఆ మనిషి గురించి, మా ఆడపడుచు కొత్త చీర గురించి, నీళ్లు రాని నల్లా గురించి. ఆయన నా వైపు చూడకుండానే నవ్వేవాడు. అందరి మాటలూ చూసే మనిషి నా మాట ఒక్కటే వింటాడని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఆ మిగిలింది కూడా పోతే మళ్లీ రాదనీ, చప్పుడుకు దూరంగా ఉండమనీ సర్కారు దవాఖానాలో డాక్టరు చెప్పాడు. తర్వాత షెడ్డు మూతపడింది. సేటు సాంచాలను పాత ఇనుము కింద అమ్మేశాడు. ఇక డాక్టరు మాట పాటించడం చాలా తేలికైపోయింది. చప్పుడూ లేదు, పనీ లేదు. ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. నేను చుట్టిన బీడీలకు దారం కడుతూ, ఎవరైనా గుమ్మంలోకి వస్తే చేతిలోది చాట కింద దాచేసేవాడు. నాకు చచ్చేంత బాధేసేది.

అలాంటప్పుడు ఈ పని వచ్చింది. హోట్గి రోడ్ అవతల పడావు పడ్డ పెద్ద భూమిలో సర్కారు తుమ్మ అడవిలా పెరిగిపోయింది. దాన్ని కొట్టేసి వేప, చింత పెంచుతారట. ఆ కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు దగ్గర మనుషులను చూసుకునే ముకాదమ్ మా తెలుగువాడే. సొంత రంపం తెచ్చుకున్నవాళ్లకు కోత పని, లేనివాళ్లకు ముళ్లకంప లాగే పని అన్నాడు. మొద్దులు మరీ లావు లేవు, చిన్న రంపం సరిపోతుందని కూడా చెప్పాడు. ఆయన ఆ రోజే గడ్డం గీసుకున్నాడు.

దుకాణం అతను మరాఠీలో ఓపికగా చెప్పాడు. బ్యాటరీది తేలిక, మీట నొక్కితే నడుస్తుంది, పొగ లేదు, తాడు లాగి భుజం నొప్పి పెట్టుకునే పని లేదు. కాకపోతే ఛార్జింగ్ అయిపోతే అంతే, రెండో బ్యాటరీ పెట్టుకోవాలి. పెట్రోలుది రోజంతా కోస్తుంది, కానీ పెట్రోలులో నూనె సరిగ్గా కలపాలి, బరువు, చప్పుడు. నేను "చప్పుడు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బ్యాటరీ రంపం నడిపించి చూపిస్తే మా ఇంట్లో మిక్సీ కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆయన దాని పిడి మీద అరచెయ్యి ఆనించి మొహం చిట్లించాడు.

"ఇది నడుస్తుందా, బంద్ పడ్డదా?"

పెట్రోలుది తాడు లాగి అంటించగానే దుకాణమంతా అదిరింది. దాని మీద చెయ్యి పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను.

"గిది సాంచా లెక్కున్నది సూడు," అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. మా పేట్‌లో మిషన్ చప్పుడు ఆగితే పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు. చప్పుడుంటే పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. అలా పెరిగినవాళ్లం. అయినా నేను ఊరుకోలేదు. దుకాణం మెట్ల మీదికి లాక్కొచ్చి కుడిచెవి దగ్గర నోరు పెట్టి డాక్టరు మాట గుర్తుచేశాను. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

"బ్యాటరీది తీస్కుంటె ఆడ సప్పుడుండది. పక్కోడు పిలుస్తడు, ముకాదమ్ పిలుస్తడు. పలకకుంటె రెండు దినాలల్ల దొరికిపోత. పెట్రోల్‌ది నడుస్తుంటె ఎవ్వనికి ఎవ్వని మాట ఇనపడది. ఆడ అందరం చెవిటోళ్లమే. నన్నెవడు గుర్తు పడ్తడు?"

"మరి నా మాటనో?" అని అడిగాను.

"ఇన్నేండ్ల సంది ఇనుకుంటనే ఉన్న గదనే. ఇంక చెప్పేటిది ఏం మిగిలింది నీ కాడ?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కానీ పని లేక బీడీలకు దారం కడుతూ దాక్కునే ఆ మనిషిని ఇంకెన్నాళ్లు చూడగలను? ఇంట్లో ఇంకొన్ని రోజులు గొడవపడి చివరికి పెట్రోలుదే కొన్నాం.

చెవులకు పెట్టుకునే డొప్పలు కూడా దుకాణం అతను ఇచ్చాడు. ఒక్క పూట పెట్టుకుని తీసేశాడు. అడిగితే, "ఉన్నదే గింత. గదాన్ని గూడ మూసుకోమంటవా?" అన్నాడు. అవి ఉన్నదాన్ని కాపాడతాయని ఎంత చెప్పినా తలకెక్కలేదు. సాంచాల దగ్గర పుట్టి పెరిగినవాడికి చప్పుడు హాని చేస్తుందంటే ఎక్కుతుందా?

పని బాగానే సాగింది. ఆయన దగ్గర సాంచాల నాటి నూలు గంజి వాసన పోయి పెట్రోలు వాసన మొదలైంది. చేతుల నిండా ముళ్ల గీతలతో వచ్చి, ఆవురావురుమని జొన్నరొట్టె తినేవాడు. పండక్కి తనే నాకు చీర తెచ్చాడు. నేను సంతోషించలేదంటే అబద్ధం. అయితే నా గొంతు మాత్రం రోజురోజుకూ పెరుగుతూ పోయింది. "మీ ఇంట్ల దినాం లడాయేనా?" అని పక్కింటావిడ ఎగతాళి చేసింది. మేం కొట్లాడుకోవడం లేదు తల్లీ, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నాను. కొన్నాళ్లకు కుక్కర్ కూతకు కూడా ఆయన తల తిప్పడం మానేశాడు. నేను గమనించాను. ఆయన కూడా గమనించాడని నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు ఎండ దిగకముందే ఇంటికొచ్చాడు. రంపం గోడవారన పెట్టి ముక్తసరిగా చెప్పాడు. గాలిదుమారం లేచిందట. అందరూ మొహాలకు రుమాళ్లు కట్టుకున్నారట. ఆయన కోస్తున్న చెట్టు కంప కట్టే ఆడవాళ్ల వైపు ఒరిగింది. ముకాదమ్ ఆపమని అరుస్తూనే ఉన్నాడు. ఆయన అటు చూశాడు కూడా. రుమాలే కనిపించింది, పెదవులు కనిపించలేదు. ఒకావిడ పక్కావిడను లాగేయబట్టి ప్రాణాలు దక్కాయి, ముళ్లకు చెయ్యి చీరుకుపోయింది. రంపం ఆపాక కూడా ముకాదమ్ వెనక నుంచి పిలిస్తే ఈయన తిరగకపోయేసరికి, చెముడని అక్కడే బయటపడిపోయిందట. ఇదంతా చెప్పి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు సాయంత్రం, నన్ను వైనీ అని వదిన వరసతో పిలిచే ముకాదమ్ వచ్చాడు. ఆయన లోపల పడుకునే ఉన్నాడు. కోపంగా అరుస్తాడేమోనని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అతను అరవలేదు. చెప్పులు విడిచి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎందుకు దాచిండ్రు వైనీ? ముందుగాల్ల చెప్తె నేనే బ్యాటరీది తెమ్మంటుంటి. భుజం తట్టనీకి పక్కన ఒక మనిషిని పెడ్తుంటి."

అతను తల దించుకుని మళ్లీ అన్నాడు.

"నా కాడ కోసేటోళ్లంత సాంచాల మీదికెల్లి వచ్చినోళ్లే. అందరు పెట్రోల్‌దే కొన్నరు. ఎందుకబ్బా అనుకుంటుంటి. ఇయ్యాల మిషన్లు బంద్ జేపిచ్చి ఒక్కొక్కన్ని ఎన్కకెల్లి పిల్చి సూసిన. ఇద్దరు తప్ప ఎవ్వరు మర్లలేదు వైనీ. ఠేకేదారు అందర్ని తీసేమన్నడు."

అతను వెళ్లిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఆ మగవాళ్లంతా ఏదో ఒక దుకాణం మెట్ల మీద నిలబడి తమ పెళ్లాలకు ఇదే మాట చెప్పి ఉంటారు. ఆ ఆడవాళ్లు కూడా నాలాగే ఒప్పుకుని ఉంటారు. పక్కపక్కన నిలబడి, ఒకరికి తెలియకుండా ఒకరు, ఉన్న కాస్త చెవినీ ఆ చప్పుడుకు పోశారు. ఒక్కడు నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చెవీ పోయింది, పనీ పోయింది.

లోపలికి వెళ్లి ఆయన కుడిపక్కన కూర్చున్నాను. లేచి గోడకు ఆనుకున్నాడు. ముకాదమ్ చెప్పిందంతా ఎప్పటిలాగే చెవి దగ్గర చెప్పాను. కదలలేదు. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. నా గొంతు వింటే నాకే భయమేసింది. దుఃఖం ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, నీకే కాదయ్యా, అందరికీ పోయిందట, అందరికీ అదే చెముడట అంటూనే ఉన్నాను.

ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగాడు. షెడ్డులో తోటివాళ్లను చూసినట్టు నా మొహంలోకి చూశాడు.

"కొంగు తియ్యవే," అన్నాడు. "నువ్వు ఏమంటున్నవో కనపడ్తలేదు."