ఇటుకల మీద ఇటుకలు

ఆళ్లగడ్డలో ఇల్లు కట్టడం అంత కష్టమేం కాదు. అది పూర్తయిందని ఊరిని నమ్మించడమే కష్టం. మా తాత మొదటి పని చేసి, రెండోది చేయకుండానే పోయాడు. ఆ బాకీ మా అమ్మ పద్దెనిమిదేళ్లు తీర్చింది.

తాత ఇటుకల బట్టీలో కూలిగా చేరి మేస్త్రీ అయినవాడు. తన ఇంటికి తానే ఇటుకలు కోసి, కాల్చి, సున్నంతో పేర్చుకున్నాడు. చుట్టుపక్కల అందరివీ నాపరాళ్ల గోడలు, లేదంటే మట్టి మిద్దెలు. వాటి మధ్య మా ఇల్లొక్కటే ఎర్రగా, వరసలు వరసలుగా కనిపించేది. క్రైస్తవ మిషన్ వాళ్ల బంగళా పనికి పోయినప్పుడు అక్కడ ఇటుకను ఇటుకలాగే వదిలేయడం చూశాడట. అంత పొందిగ్గా పేర్చిన గోడను గార కింద దాచడం ఆయన లెక్కలో పాపం. ఊరి లెక్కలో మాత్రం అది దుడ్లు చాలక మధ్యలో ఆపేసిన ఇల్లు.

అమ్మది నంద్యాల. పుట్టింటి గోడలకు తెల్లటి సున్నం, అడుగున నీలం పట్టీ. కాపురానికి వచ్చిన రోజే బండాయన పెట్టె దించుతూ అడిగాడట, "ఏం పాపా, ఇంకా గార పూయలేదే?" అని. ఇక ఆ ప్రశ్న ఇంటిని వదల్లేదు. పాలామె అడిగేది. పోస్టుమ్యాన్ అడిగేవాడు. ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే పాస్టరుగారు ఆమెన్ అని కళ్లు తెరవగానే అడిగేవారు.

నాయనకు మాత్రం ఆ ప్రశ్నంటే పండగ. బడిపంతులు కదా, అడిగినవాణ్ని ఊరికే వదలడు. గోడ దగ్గరికి లాక్కుపోయి, చెయ్యి పెట్టించి, "మా నాయన కోసిండే ఇటుకప్పా ఇది. ఒక్కొక్కటీ ఆయన చేతి మీదుగా పోయిండేదే" అని మొదలుపెట్టేవాడు. అవతలివాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి తాత చరిత్రంతా విని, "అదంతా సరేగానప్పా, గార ఎప్పుడు పూస్తారు?" అని వెళ్లిపోయేవాడు.

అమ్మ వీధివైపు కూర్చోవడమే మానేసింది. బియ్యం ఏరినా, తల దువ్వుకున్నా పెరట్లోనే. సాయంత్రమైతే ఆడవాళ్లందరూ వాకిళ్లలో చేరి లోకాన్ని దుమ్మెత్తిపోసేవాళ్లు. అమ్మకు ఆ భాగ్యం కూడా లేదు. క్రిస్మస్ దగ్గర పడితే మరీ కష్టం. మా వీధిలో ప్రతి ఇంటికీ సున్నం పడేది, మా ఇంటికి తప్ప.

"మీ నాయన చేతులు ఊరందరికీ కనపడతాండాయి, బాగుండాది. నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అని నాయనను అడిగేది. నాయన పత్రిక ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

డెబ్బైల చివర్లో, నేను నంద్యాలలో ఇంటర్ చదువుతున్నప్పుడు, అమ్మకు ఉప్పు సాయానికి వచ్చింది. నేల చెమ్మకు కింది వరసల్లో ఉప్పు పట్టి ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా రాలసాగాయి. నాయన ఏడాదిపాటు చూడనట్టే నటించాడు. చివరకు మా గోడకు వీపు రుద్దుకున్న తెల్లమేక ఒకటి ఎర్రగా మారి ఇంటికి పోవడం, దాని యజమాని వచ్చి తగువు పెట్టుకోవడం జరిగాక, సిమెంటు పూత వేయించడానికి ఒప్పుకున్నాడు.

అప్పట్లో పర్మిట్ లేనిదే సిమెంటు లేదు. అందరూ దానికోసం చెప్పులరిగేలా తిరుగుతుంటే, మా అర్జీ చదివిన గుమాస్తా మాత్రం, "ఆ సగంలో నిల్చిపోయిండే ఇల్లా సార్? పాపం, మీకు ఇయ్యల్ల" అని అప్పటికప్పుడే రాసిచ్చాడట. నాయన ఆ కాగితం అమ్మ చేతిలో పెట్టి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

పూత అయిపోయింది. బూడిదరంగు గోడ ముందు నాయన దిక్కులేనివాడిలా నిలబడ్డాడు. చదువుకున్న పిల్లను కదా, ఉపాయం చెప్పాను. నంద్యాలలో ఒక ఫోటో స్టూడియో గోడకు అచ్చం ఇటుకల్లాగే రంగు వేసి ఉండేది. "గార అమ్మకు, ఇటుకలు నాయనకు" అన్నాను. ఇద్దరూ సరేనన్నారు. మా ఇంట్లో ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మొదటి విషయం అదే. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రైసు మిల్లుల గోడల మీద అక్షరాలు రాసే పెయింటరును నంద్యాల నుంచి బస్సులో వెంటబెట్టుకొచ్చాను. గోడంతా ఎర్రరంగు పూసి, దారానికి సుద్ద పట్టించి కొట్టి, ఆ గుర్తుల మీద తెల్లగీతలు గీయడం మొదలుపెట్టాడు. నాయన వెనకాలే కుర్చీ వేసుకున్నాడు.

"నిలువు గీతలు ఒకదాని మీద ఒకటి రాకూడదప్పా. గోడ నిలబడదు."

"బొమ్మ యాడికీ పడిపోదులే సార్."

ఆరు రోజులు పట్టింది. చివరి రోజు అతనిలో కళాకారుడు నిద్రలేచాడు. "సహజంగా ఉండల్ల గదా" అని ఒక మూల పెచ్చు ఊడినట్టు కూడా వేసి పోయాడు. పెచ్చులు ఊడుతున్నాయనే కదా మేం పూత వేయించింది!

ఈలోగా అమ్మ వాకిలికి రెండువైపులా నున్నటి నాపరాళ్లతో అరుగులు వేయించుకుంది. పచ్చరంగు గేటు, రెండు క్రోటన్ కుండీలు పెట్టించింది. మర్నాడు చేటలో బియ్యం పోసుకుని మొట్టమొదటిసారి అరుగు మీద కూర్చుంది. నెలరోజులుగా ఊళ్లో లేని పాలామె వచ్చి ఆగింది. ఇంటిని కిందినుంచి పైదాకా చూసింది.

"అరుగులు ఏసుకున్నారు, గేటు పెట్టుకున్నారు. ఆ దుడ్లతో గార పూయించుకోకూడదా మా? ఆడ సూడు, పెచ్చు గూడా ఊడిండాది."

అమ్మ చేట తీసుకుని ఇంట్లోంచి నేరుగా పెరట్లోకి పోయింది. అక్కడ బియ్యం ముందు కూర్చుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నా తెలివికి నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. నాయన వెనకవాకిట్లో నిలబడి చూసి లోపలికి పోయాడు.

ఆదివారం గుడికి కూడా పోకుండా నాయన తొట్టిలో సున్నం కలిపాడు. పంచె ఎగగట్టి, నిచ్చెన వేసుకుని తనే ఎక్కాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఒక పూత వేస్తే ఎరుపు తేలింది. రెండో పూతకు గులాబీరంగు మిగిలింది. మూడో పూతకు ఒక్క ఇటుకా లేదు.

సాయంత్రం అమ్మ మళ్లీ అరుగు మీద కూర్చుంది. పాలామె పాలు పోసి పోయింది. పాస్టరుగారు సైకిల్ దిగకుండానే వందనాలు చెప్పి సాగిపోయారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఎవరూ గోడవైపు తలతిప్పి చూడలేదు. దీపాలు పెట్టేవేళకు అమ్మ లోపలికొచ్చింది. ఆమె మొహం అంత తేటగా ఉండగా చూడటం నాకదే మొదలు.

"ఈ పొద్దు ఒక్కరన్నా అడగలేదయ్యా" అంది.

నాయన గోళ్లలో ఇరుక్కున్న సున్నం గీక్కుంటున్నాడు. తలెత్తలేదు.

"ఎవురు కట్టినారనన్నా అడగలేదా మే?" అన్నాడు.