పసుపులో వచ్చిన ముఖం

ఓబుళేసుది సోమందేపల్లెలో మా ఎదురిల్లు. బోర్లన్నీ ఎండిపోయాక శెనక్కాయ సేద్యం వదిలేసి, వసారాలో కూర్చుని అచ్చులు పోయడం మొదలుపెట్టాడు. సెల్లులో వీడియోలు చూసి నేర్చుకున్న పని. చిక్కటి సిలికాన్ రబ్బరులో గట్టిపడేందుకు మందు కలిపి, బొమ్మ చుట్టూ అట్టతో గోడ కట్టి, ఒక మూలనుంచి సన్నటి ధారగా పోసేవాడు. తెల్లారి ఒలిస్తే రబ్బరు లోపల బొమ్మ ముద్ర ఉండేది. అందులో ప్లాస్టర్ పోసి వినాయకుళ్ళు, నెమళ్ళు తీసి హైవే పక్క దుకాణాలకు ఇచ్చేవాడు. పోసే ముందు బొమ్మకు వాసెలిన్ పూయడం మాత్రం ఎప్పుడూ మరిచేవాడు కాదు.

"ఇది లేకుంటే రబ్బరు పట్టుకున్నదాన్ని వదలదన్నా" అనేవాడు నాతో.

తమ్ముడు కేశవ వేరుపడేటప్పుడు చేను, గొర్రెలు సులువుగానే పంచుకున్నారు. పేచీ చౌడమ్మ దగ్గర వచ్చింది. ఆమె వాళ్ళ ఇలవేల్పు, గూట్లోని జానెడు రాయి. తరాలుగా పసుపు మెత్తిన ఆ రాయికి ముక్కు, చెంపలు, నవ్వీ నవ్వని పెదవులు ఉన్నాయి. చౌడమ్మ తల్లిని వదిలి పోనని కేశవ, గడప దాటనివ్వనని వాళ్ళమ్మ హనుమక్క.

"కొట్లాడొద్దండి. అచ్చు తీస్తా. ఇద్దరికీ అదే మొగం" అన్నాడు ఓబుళేసు.

"తల్లికి నొప్పి కాదు గదా?" అంది హనుమక్క.

"రబ్బరే గదా మా. పాలు పోసినట్ల పోస్తా."

వాసెలిన్ డబ్బా మూత తీయగానే హనుమక్క అతని చెయ్యి పట్టుకుంది.

"ఏందిరా అది?"

"జిడ్డు. అంటుకోకుండా."

"ఏ గొడ్డు కొవ్వో ఏమో! తల్లి మొగానికి పూస్తావా? నీ నెమళ్ళకు పూసుకో, పో."

"పూసినావంటే రేపు కల్లోకొచ్చి తంతాదిలే" అని కేశవ నవ్వాడు.

ఓబుళేసుకూ మనసొప్పలేదు. డబ్బా మూసి, దండం పెట్టుకుని, పసుపు మీదనే పోశాడు.

మర్నాడు ఒలుస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. పెళుసుగా ఏదో విరిగిన చప్పుడైంది. పసుపు పెచ్చంతా రబ్బరుతో పాటే ఊడివచ్చింది. గూట్లో మిగిలింది ముక్కూ మొగమూ లేని నల్లరాయి. చేలో మడకకు తగిలే రాళ్ళలాంటిదే.

"ఇదేనా మనం ఇన్నాళ్ళూ మొక్కింది?" అన్నాడు కేశవ.

"నోరు ముయ్యి" అంది హనుమక్క. కొంగుతో రాయిని కప్పింది.

ఓబుళేసు అచ్చులోని పెచ్చులు కడిగి ప్లాస్టర్ పోశాడు. ముఖం చెక్కుచెదరకుండా వచ్చింది. పసుపు రంగు వేసిన ఒక బొమ్మను కేశవ తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. రెండోదాన్ని హనుమక్క ముట్టలేదు.

"ఆ మొగం మా అత్త చేతిది, వాళ్ళత్త చేతిది. డబ్బాలోంచి పోస్తే వస్తాదా?"

ఆమె రోజూ నల్లరాయిని కడిగి పసుపు పూయడం మొదలుపెట్టింది. "ముక్కు లేచేదాకా నేనుండను. నా తర్వాత నువ్వు పూయాల" అంది కొడుకుతో. మరుసటి వేసవిలో పోయింది. అప్పటికి రాయి పచ్చగా మాత్రం అయింది.

ఓబుళేసు నెమళ్ళు పోయడం మానలేదు. మానితే పొయ్యి వెలగదు. కానీ ముందు గూటి దగ్గరికి పోయి పసుపు పూశాకే రబ్బరు కలుపుతాడు. మొన్న నన్ను పిలిచి, నా వేలు పట్టి రాయి మీద పెట్టాడు.

"ఈడ ఏమన్నా ఎత్తు తగుల్తాందా అన్నా?"

"రాయే తగుల్తాంది."

"అట్లనా" అని, గిన్నెలో మళ్ళీ పసుపు కలుపుకున్నాడు.