మాటు నిలవని బిందె

బళ్లో పంతుళ్లు నన్ను బాగుచేయాలని చాలా తంటాలు పడ్డారు. ఏడో తరగతిలో చేతులెత్తేశారు. అందుకే నేను మాత్రం దేన్నీ బాగుకాదని వదిలిపెట్టను. నాలాంటిది ఇంకొకటి లోకం మీద పడకూడదని. జూలూరుపాడులో నాది రేకుల కొట్టు. కుక్కర్లు, ఫ్యాన్లు, గొడుగులు, సత్తు బిందెలు ఏవైనా తెండి. పాత సామాన్ల బండికి వేస్తే కరిగించి కొత్తది చేస్తారు కదా అంటారు జనం. మనిషికి జ్వరమొస్తే కాల్చేసి మళ్లీ కనమంటామా?

కిందటేడు వానలకు ముందు, అడవి పక్క గూడెం నుంచి ఒకామె సత్తు బిందె తెచ్చింది. అడుగున వేలు పట్టేంత చిల్లు.

"మా అమ్మది అన్నా. మొన్ననే పోయింది. ఆమెది నాకు గిదొక్కటే మిగిలింది. గట్టిగ మాటెయ్యి."

రేకు ముక్క కోసి, రివిట్లు కొట్టి, నీళ్లు పోసి చూపించాను. చుక్క కారలేదు.

"నేను పోయినా ఈ మాటు పోదు చెల్లె," అన్నాను. ఆమె నవ్వింది.

తర్వాతి సంతకు బిందె మళ్లీ వచ్చింది. మాటు ఊడలేదు. రివిట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నా రేకు మధ్యలో, పాత చిల్లు ఉన్నచోటే, అంతే చిల్లు.

"ఎవరన్న పొడిచిన్రా?"

"ఇంట్ల ఉండేది నేను, మా నాయిన. బిందెను అర్రల పెట్టి తాళమేసిన. ఆయనకు బిందె ఇంట్ల ఉన్నట్టే తెల్వదు."

మందపు రేకు వేశాను. అదీ అంతే అయింది. ఈసారి ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు. సంగతేమిటో చూద్దామని ఆమె వెంట గూడేనికి పోయాను.

వాళ్ల నాయిన వాకిట్లో తునికాకు కట్టలు కడుతున్నాడు. బిందెను చూసి ఆకు కింద పెట్టేశాడు.

"కొమ్మకు కట్టినదాన్ని ఇప్పుకొచ్చినవా బిడ్డా?"

ఆమె తల దించుకుంది. ఆయన మమ్మల్ని గూడెం అవతలికి, పోయినవాళ్లను పాతిపెట్టే చోటికి తీసుకుపోయాడు.

చెట్లకు సామాన్లు వేలాడుతున్నాయి. టార్చిలైటు, గొడుగు, గంజి గిన్నెలు, ఒక రేడియో. అచ్చం నా కొట్టే. కాకపోతే నా దగ్గర చెడినవి బాగవుతాయి. ఇక్కడ బాగున్నవాటిని చెడగొట్టి పెట్టారు. గిన్నెలకు చిల్లులు, గొడుగుకు విరిచిన ఊచలు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఖాళీగా ఉన్న ఒక్క కొమ్మ మాత్రం మెల్లగా ఊగుతోంది.

"పోయినోళ్ల సామాను చిల్లు పొడిచి ఇడుస్తం. చిల్లు పడితెనే అది ఆళ్లకు అందుతది," అన్నాడు పెద్దాయన. "నేను పొడిచింది మొదటిదే. మిగిలినయి నాకు తెల్వదు."

ఆమె బిందెను కడుపుకు హత్తుకుంది. "అమ్మది నాకింకేం లేదు నాయినా."

ఆమె ఊగుతున్న ఆ కొమ్మ వైపు చాలాసేపు చూసింది. చివరికి తనే బిందె మెడకు తాడు బిగించి కట్టింది. కొమ్మ ఆగింది.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన ముందు నడిచాడు. నాకు భయమేస్తే నోరు ఊరుకోదు.

"ఎంత మంచి రేకు పెద్దయ్యా. వాడే మనిషి లేని బిందెకేసి దండగ చేసిన," అన్నాను.

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు: "వాడేటామె ఉన్నది మేస్త్రీ. నీ రేకే ఆమెకు అడ్డమొచ్చింది."