గ్రాంట్ ఇచ్చేవాళ్ళకి నేను చేసిన మర్యాద

మర్యాద మితిమీరితే ఏమవుతుందో చెబుతాను, వినండి. పోయిన ఏడాది చేతిదాకా వచ్చిన గ్రాంట్‌ని, పట్టుచీర కట్టుకుని, కాఫీ ఇచ్చి మరీ వెనక్కి సాగనంపబోయాను! నవ్వకండి. ముందు సంగతి వినండి.

అమెరికాలో మా సన్నీవేల్‌లో మనవాళ్ళు చాలామంది నా చేగోడీలు తినే ఉంటారు. ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్లు పెడతాను. మావారు కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. నేను చదివింది పదో తరగతి. ఇక్కడ ఇంట్లో వండి బయట అమ్మకూడదని రూల్ ఉంది. "ఎవరొచ్చి చూస్తారు సుభద్రగారూ, అందరూ చేసేదే కదా!" అన్నారు తెలిసినవాళ్ళు. ఎవరూ చూడకపోతే తప్పు ఒప్పైపోతుందా? నేను ఒప్పుకోలేదు. మా వీధి చివర చర్చి కిచెన్ అద్దెకి తీసుకుని అక్కడే వండుతున్నాను. నాతో రోసా అని ఒక మెక్సికో ఆవిడ పని చేస్తుంది. ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుకుంటోంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. చేగోడీ చుట్టడంలో మాత్రం నాకంటే ఆవిడ చెయ్యే తీరైనది.

అలాంటిది, వేసవి నుంచి కిచెన్ ఇవ్వలేమని చర్చివాళ్ళు చెప్పేశారు. అక్కడ చిన్నపిల్లల స్కూల్ పెడతారట. ఇక సొంత చోటు చూసుకోవాలి, పెద్ద పొయ్యి, పైన పొగగొట్టం అన్నీ పెట్టించాలి. లేకపోతే వ్యాపారం మూత. నా సంగతి సరే, రోసా ఏం కావాలి?

బ్యాంకుకి వెళ్ళాను. "మీవారి సంతకం కావాలి" అన్నాడు అక్కడి ఆఫీసరు. వ్యాపారం నాది, సంతకం ఆయనదా? లేచి వచ్చేశాను. అంత పౌరుషం నాది. గుర్తుపెట్టుకోండి.

అప్పుడు మా లైబ్రరీలో పనిచేసే పెద్దావిడ ఒక లావుపాటి పుస్తకం తీసి ముందు పెట్టింది. తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్లు ఎవరెవరు ఇస్తారో అందులో ఉంది. నేను ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఒకరు సేవాసంస్థలకే ఇస్తామన్నారు. ఇంకో స్టేట్ వాళ్ళు తమ స్టేట్‌లో వాళ్ళకే అన్నారు. ఒకాయన నా ఇంగ్లీషు విని "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. చివరికి మా దగ్గరలోనే, ఆడవాళ్ళు సొంతంగా నడిపే చిన్న వ్యాపారాలకి సాయం చేసే సంస్థ ఒకటి దొరికింది.

"ఊరికే వచ్చే డబ్బు నాకొద్దండీ" అన్నాను లైబ్రరీ ఆవిడతో.

"ఊరికే ఎవరిస్తారమ్మా? నువ్వే నడుపుతున్నావని వాళ్ళకి నమ్మకం కలగాలి. అప్పుడే ఇస్తారు" అంది.

ఆ మాట నచ్చింది. అప్లై చేశాను. కొన్నాళ్ళకి మిసెస్ పార్కర్ అని ఆ సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "గురువారం వస్తాం. మీరు పని చేస్తుండగా చూడాలి" అంది.

ఇంగ్లీషు అర్థం కాలేదని అనుకునేరు. బాగానే అర్థమైంది. కానీ పెద్దవాళ్ళు మొదటిసారి వస్తుంటే, నూనె మరకల చీరతో, పిండి చేతులతో ఎదురెళ్తామా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు.

బుధవారం రోసాని తొందరగా ఇంటికి పంపేశాను. గురువారం కూడా రావద్దన్నాను. కిచెన్ అంతా సబ్బుతో కడిగాను. మూకుళ్ళు, జల్లెడలు, పిండి డబ్బాలు అన్నీ బీరువాలోకి తోసి తలుపు వేశాను. చేగోడీలు చుట్టే బల్లమీద పూలగుడ్డ పరిచాను. అగరొత్తి కూడా వెలిగించాను, నూనె వాసన రాకుండా! గురువారం పొద్దున్నే పట్టుచీర కట్టాను. మావారిచేత సెలవు పెట్టించి, కోటు వేయించి, ఆయన్ని గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టాను.

"నేనెందుకు సుభద్రా? వ్యాపారం నీది కదా?" అన్నారు పాపం.

"మన గొప్పలు మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుందండీ? మీరు మాట్లాడండి."

మిసెస్ పార్కర్ వచ్చింది. వెంట తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన. పేరు మిస్టర్ లేన్. ఇద్దరికీ ఇంటి నుంచి తెచ్చిన ఉప్మా పెట్టి, కాఫీ ఇచ్చాను. ఆయన ఉప్మా రెండోసారి వేయించుకున్నాడు. ఆవిడ మాత్రం చుట్టూ చూసింది.

"చాలా శుభ్రంగా ఉంది. మరి వ్యాపారం ఎక్కడ జరుగుతుంది?"

"ఇక్కడే" అన్నాను. ఆవిడ పూలగుడ్డ వైపు చూసింది.

"ధర ఎవరు నిర్ణయిస్తారు?"

నేను తల వంచుకుని మావారి వైపు చెయ్యి చూపించాను. "ఆయన్ని అడగండి."

"స్టోర్లతో ఎవరు మాట్లాడతారు?"

"ఆయన చెబుతారు."

"ఇంత బాగా పైకి తెచ్చారు కదా, ఎలా సాధించారు?"

"నాదేముందండీ, అంతా మావారి చలవ!"

మన ఇళ్ళల్లో ఎవరు పొగిడినా అనే మాటే కదా అది! మన వాళ్ళెవరైనా అయితే "ఆవిడ వినయం చూశారా" అని ఇంకో మెట్టు పైకి ఎక్కించేవాళ్ళు. మిసెస్ పార్కర్ ఆ మాటని శ్రద్ధగా రాసుకుంది!

తర్వాత ఫైలు మూసేసింది. మెత్తగానే చెప్పింది. "చూడండమ్మా, ఈ డబ్బు ఆడవాళ్ళు నిజంగా తామే నడిపే వ్యాపారాలకి. కొందరు మగవాళ్ళు భార్య పేరు పెట్టి అప్లై చేస్తుంటారు. మీ తప్పని అనను. కానీ మేం ఇవ్వలేం."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అబద్ధమా? నేనా? చిల్లర ఎక్కువ ఇచ్చాడని బస్సు డ్రైవరు వెనక పరిగెత్తిన మనిషిని! మావారు నన్ను కాపాడాలని గబగబా అందుకున్నారు.

"నో నో మేడమ్, అంతా ఆవిడే. నేను హెల్ప్ చేస్తానంతే. రోజూ సాయంత్రం మూకుళ్ళన్నీ నేనే కడుగుతాను."

అంతే. నా వినయం అక్కడితో సరి.

"ఎప్పుడు కడిగారండీ?" అన్నాను తెలుగులో. గొంతు ఎంత లేచిందంటే మిస్టర్ లేన్ స్పూన్ కింద పెట్టేశాడు.

"ఏమంటున్నారు ఆవిడ?" అంది మిసెస్ పార్కర్.

మావారు కోటు సర్దుకున్నారు. "నేను... ఎప్పుడు కడిగానని అడుగుతోంది."

"ఒక్కరోజు సాయం చేస్తానని వచ్చి పిండిలో ఉప్పు రెండుసార్లు వేశారు! ఆ రోజు సరుకంతా రోసా, నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని పారబోశాం! చెప్పండి, అది కూడా చెప్పండి!"

"నేను ఒక్కసారి వచ్చాను... ఉప్పు రెండుసార్లు పడింది" అని ఇంగ్లీషులో అప్పజెప్పారు, ఎంతో బుద్ధిగా.

"ఇప్పుడు పక్కకి జరగమని చెప్పండి!"

"ఎవరికి సుభద్రా?"

"మీకేనండీ!"

పట్టుచీర కొంగు నడుముకి బిగించాను. పూలగుడ్డ లాగేశాను. బీరువా తెరిస్తే మూకుళ్ళు గలగలమని కిందపడ్డాయి. రోసాకి ఫోన్ చేసి "కమ్!" అని ఒక్క మాట అన్నాను. పక్క వీధిలోనే ఉంటుంది, చెప్పులు కూడా మార్చుకోకుండా పరిగెత్తుకొచ్చింది. నీళ్ళు మరిగించి, పిండి ఉడికించి, వేడివేడిగా మర్దించాను. రోసా చకచకా చుట్టేస్తోంది. నూనె కాగింది. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. మిసెస్ పార్కర్ దగ్గరికొచ్చి మూకుట్లోకి తొంగిచూసింది. భుజాల మీద జుట్టంతా విరబోసుకుని!

"కిచెన్‌లో అలా రాకూడదు. జుట్టు కట్టుకోండి" అని తలకి పెట్టుకునే నెట్ ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను. చప్పున పెట్టుకుంది. మిస్టర్ లేన్ పళ్ళెంలో చెయ్యి పెట్టబోయాడు. "చేతులు కడుక్కున్నారా?" అన్నాను. సింక్ దగ్గరికి వెళ్ళాడు. మావారు కోటు విప్పి, ఎవరూ చెప్పకుండానే, ఒక మూకుడు తీసుకుని తోమడం మొదలుపెట్టారు. జిడ్డు వదల్లేదు. వేడినీళ్ళతో తోమాలని కూడా తెలియదు!

అప్పుడు వచ్చింది నాకు తెలివి. ఎవరిమీద అరిచాను? డబ్బు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ మీద! గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. రోసా ముఖం చూడలేకపోయాను.

మిసెస్ పార్కర్ నెట్ పెట్టుకున్న తలతోనే మిస్టర్ లేన్ వైపు తిరిగింది.

"ఈ వ్యాపారం ఎవరు నడుపుతున్నారో మీకేమైనా సందేహం ఉందా?"

ఆయన కడుక్కున్న చేతులు తుడుచుకుంటూ మావారిని చూపించాడు. "ఆయన మాత్రం కాదు!"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. రోసాకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వింది.

గ్రాంట్ వచ్చింది. ఇప్పుడు మాకు సొంత కిచెన్ ఉంది. పెద్ద పొయ్యి, పొగగొట్టం అన్నీ రూల్ ప్రకారం పెట్టించాను. రోసాకి పని పోలేదు సరికదా, ఇంకో ఆవిడని పెట్టుకున్నాం. గర్వపడకూడదని పిల్లలకి చెబుతాను గానీ, తాళంచెవి నడుముకి దోపుకుని నడుస్తుంటే నా నడకే మారిపోయింది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

అంతా సుఖంగా ముగిసిందనుకున్నారా? ఓపెనింగ్ రోజున మా ఊరి పేపరు నుంచి ఫోటో తీసే అబ్బాయి వచ్చాడు. నన్ను పొయ్యి పక్కన నిలబడమన్నాడు. ఇంత జరిగాక కూడా ఈ చేతులు ఊరుకున్నాయా? "రండి, ముందుకి రండి, మీరు లేకుండా ఏమిటి" అని మావారిని లాగి నా ముందు నిలబెట్టాను!

పేపర్లో నిండా మావారు, మీసాలతో సహా. ఆయన వెనక నా మోచెయ్యి, కాస్త కొప్పు. కింద పెద్ద అక్షరాలతో నా పేరు. "సొంతంగా వ్యాపారం నిలబెట్టిన సుభద్ర" అని.

ఇప్పుడు ఆఫీసులో అందరూ ఆయన్ని "గుడ్ మార్నింగ్ సుభద్రా" అని పలకరిస్తున్నారట!