కొసన నిలబడిన మనిషి

మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు. నేను చంకబిడ్డగా ఉండగానే పోయింది. ఆమె కాలపు ఫోటో ఒక్కటే మిగిలింది, అదీ ఇంటిల్లిపాదీ నిలబడిన గుంపు ఫోటో. పెనుకొండలో మా పెదనాయన కొడుకు రామాంజి దగ్గర ఉండేది. మూడేండ్ల కింద దాన్ని స్టూడియోలో ఇచ్చి, బిడ్డనెత్తుకున్నామెను వేరుగా పెద్దది చేయించాను. ఆ బిడ్డ నేనే, కాబట్టి ఎత్తుకున్నామె అమ్మే. దండ వేసి హిందూపురంలో మా గోడకు తగిలించాను. మొన్న ఆ ఫోటో ఉండే పెట్టెకు చెదలు పట్టాయని రామాంజి ఫోన్ చేశాడు. ఆ గుంపు ఫోటో తెచ్చుకోవాలి, ధర్మవరంలో మా అమ్మ చెల్లెలు బతికుండగానే అందులోని వాళ్ల పేర్లు, అమ్మ సంగతులు అడగాలి అని బయలుదేరాను. చిన్నమ్మకు చూపించడానికి గోడ ఫోటో కూడా దండతోనే సంచిలో పెట్టుకున్నాను.

ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. బస్సు కంటే చౌక. రొట్టె, నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి కట్టుకుపోతే హోటలు ఖర్చు ఉండదు. పక్కన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పోయే అమ్మాయి కూర్చుంది. ఎందుకు పోతున్నానో చెప్పాను.

“ఫోటో కోసరం రైలెక్కినావా అవ్వా? ఫోన్లో పంపితే చాలదా?”

“మా చిన్నమ్మకు చెవుడు. ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోతాది. నువ్వు ఈ రొట్టె తిను, ఎండిపోయినట్లుండావు.”

పెనుకొండ స్టేషను నుంచి ఊళ్లోకి షేరు ఆటో ఎక్కండి. ఒక్కరే ఎక్కితే నోటికొచ్చినంత అడుగుతారు. రామాంజి ఫోటోను పాత పంచెలో చుట్టి ఉంచాడు. ఒక మూల చెదలు తిన్నాయి, మనుషులు మిగిలారు.

“తిరిగియ్యాల అక్కా,” అన్నాడు.

“మళ్లా చెదలకు మేపేదానికా? ఇయ్యను పో అప్పా,” అన్నాను.

పదకొండున్నర బస్సుకు ధర్మవరం. చిన్నమ్మ ఇంట్లో ఆమె కొడుకు మగ్గం మీద ఉన్నాడు. చిన్నమ్మ గోడ ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసి, పళ్లులేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది.

“ఇది నేనే గదే!”

“నీకు చూపు ఆనడం లేదు చిన్నమ్మా. ఈమె చంకలో ఉండేది నేను,” అని చెవిలో అరిచాను.

“నువ్వే. ఎత్తుకోనుండేది నేను. బతికుండేదానికి దండేస్తివా? పెద్దల అమావాస్యకు ఏమన్నా పెడ్తివా?”

“ఓళిగలు, మూడేండ్లుగా.”

“మూడేండ్ల ఓళిగలు! ఒకటన్నా ఈడికి పంపకపోతివే, పిసినారిదానా!”

కొడుకు నవ్వాపుకోలేక మగ్గం నిలిపేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముఖం కూడా కాదంటే ఇక అమ్మ ఎక్కడ?

చిన్నమ్మ గుంపు ఫోటో తీసుకొని కుడికొసన వేలు పెట్టింది. అక్కడ ఒకామె తల మసకగా, పొగలా ఉంది. ఫోటో చెడిపోయిందనుకొని మేమెప్పుడూ పట్టించుకోలేదు.

“మా అక్క ఈడుండాది చూడు. నువ్వేమో ఒకటే ఏడుపు. కదలొద్దని ఫోటో ఆయప్ప అరుస్తాండాడు. మా అక్క ఊరుకుంటాదా? నీ తట్టు తిరిగి, తలాడిస్తా చిటికెలేసె. నువ్వు నవ్వితివి. ఆయప్ప ఆమెను తిట్టె.”

నేనూ వంగి చూశాను. చంకలోని బిడ్డ కెమెరా వైపు కాదు, ఆ కొస వైపు చూస్తోంది.

పేర్లన్నీ చెప్పించుకొని ఫోటో వెనక పెన్సిలుతో రాశాను. పెన్నుతో రాయకండి, సిరా ముందువైపుకు దిగుతుంది.

సాయంత్రం అయిదు దాటాక తిరుగు రైలు దొరికింది. ఇంట్లో పాత ఫోటోలున్నవాళ్లు పండగలూ పబ్బాలూ రావాలని చూడకుండా, వాటిని పట్టుకొని పెద్దవాళ్ల దగ్గరికి పోండి. మన అంచనాలు పనికిరావు. ఎదుటి సీటులో కూర్చున్నామె నా ఒడిలోని ఫోటో మీదికి వంగింది.

“కొసన ఉండే ఆయమ్మ ఎవరవ్వా? ముఖమే కనపడదే.”

“మా అమ్మ,” అన్నాను. “నన్ను నవ్విస్తాండాది.”